తుమ్మ మేకు

నాన్నా,

నువ్వు పోయాక నేను ప్లాను గీసిన మొదటి చెక్క ఇంటికి నిన్న బంటుమిల్లిలో దూలాలు ఎక్కించాం. ఒక్క ఇనప మేకు కూడా వాడలేదు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుందని, ఎండిన తుమ్మ మేకైతే వానకు ఉబ్బి ఇంకా బిగుస్తుందని నువ్వు చెప్పేవాడివి. అలాగే చేశాం.

ఇంటాయన మురిసిపోయి, "ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు.

"జపాన్ వాళ్ళదండీ," అన్నాను.

వడ్రంగి కొడుకునంటే ఇంజనీరుగా నా విలువ తగ్గుతుందనుకున్నాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

అక్కడే ఉన్న నీ శిష్యుడు, ఇప్పుడు మా పనికి పెద్ద వడ్రంగి, మేకు కొడుతూనే ఉన్నాడు. ఇంటాయన వెళ్ళాక సుత్తి కింద పెట్టి, నవ్వకుండా అన్నాడు:

"ఆ జపానాయన దగ్గరే బాబూ, నేనూ పదేళ్ళు పనిచేసింది. చాలా మంచాయన."