కరకట్ట మీద తన్ను

21 ఆగస్టు 2004, శనివారం. ముసురు. గేమ్ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ తుడిచాను.

బైకుల గేమ్‌లో ఇంగ్లీషు పాటలు తీసేసి మా బ్యాండు పాట పెట్టినప్పటి నుంచి, డ్రమ్ము దెబ్బ పడగానే గేమ్‌లో పక్క బండివాణ్ణి తన్నడం అందరికీ అలవాటు. ఈరోజు మా డ్రమ్మర్ రఫీ కరకట్ట మీద నిజం బండి నడుపుతూ, ఆ పాటే పాడుతూ, గిటారు వాయించే సురేష్ బండిని తన్నాడు. సురేష్ ఎడమ చెయ్యి నుజ్జయింది.

దవాఖానాలో కూడా నవ్వుతున్నాడు రఫీ వెధవ. "గేమ్‌ల పడ్డోడు లేసి మళ్ల ఎక్కుతడు గదన్నా!"

"మరి లేపురా! గా లోపల పండిండు, పోయి లేపు!" అని అరిచాను.

సురేష్ డాక్టర్‌ను ఒక్కటే అడిగాడు, "సార్, వేళ్లు వంగుతయా?" ఆయన ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు.

వస్తూ సెంటర్‌లో ఆగి గేమ్ తీసేశాను. పాట తీసేయడానికి చేతులు రాలేదు. సురేష్ వాయించింది ఇంకెక్కడా లేదు.

రఫీ ఇప్పుడు మా తలుపు కొడుతున్నాడు. కొట్టనీ. లేచి వెళితే వాణ్ణి తంతాను.