మూల విడిచిన బొంత

మిల్లు నుంచి రాంగనే ముందు తినుండ్రి, రొట్టె, పుంటికూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్నయి. నాకు నొప్పులు మొదలైనయి, దవాఖానకు పోతున్న. పక్కింటి మల్లమ్మక్క టాంగా పిలిచింది, అత్తమ్మ నాతోనే వస్తున్నది. తలుపు సందులకెల్లి చలిగాలి కొడుతున్నది. పాత చద్దరుతోని పరదా కుట్టిపెట్టిన, మేకులకు తగిలియ్యుండ్రి. బిడ్డతోని వచ్చేసరికి ఇల్లు వెచ్చగ ఉండాలె.

దండెం మీద నా నీలం చీర లేదని వెతకకుండ్రి. దాన్ని చింపి చిన్న బొంత కుట్టిన, బియ్యం కుండ వెనక దాచిన. పుట్టకముందే బిడ్డకు ఏదీ కుట్టొద్దంటది అత్తమ్మ. పోయినసారి నేను కుట్టినందుకే బిడ్డ దక్కలేదని అందరి ముందట అన్నది. మీరు పక్కనే కూసోని రొట్టె తిన్నరు.

ఈసారి నాకూ భయమైంది. అందుకే ఒక మూల కుట్టకుండ విడిచిన. పూర్తికాని బొంత కుట్టినట్టు కాదని నాకు నేనే చెప్పుకున్న.

సంచిల పెట్టుకొని బొంత దవాఖానకు తీసుకరాండ్రి. సూది ఆ మూలకే గుచ్చి ఉన్నది, దారం ఎక్కించే ఉన్నది. బిడ్డ ఏడుపు చెవుల పడ్డంక ఆ మూల మీరే కుట్టుండ్రి.

అత్తమ్మ చూస్తుండంగ కుట్టుండ్రి.