అక్క పేరు మీద రిటైర్మెంటు

సల్మాబాద్, బహ్రెయిన్
12 మార్చి 1999

బంగారం లాంటి మా అక్కకు,

కూర్చుని చదివించుకో. నీకు అరవై నిండాయని నన్ను రిటైర్ చేసేస్తున్నారు!

పొద్దున లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంటే సూపర్‌వైజరు ఇస్హాఖ్ భాయ్ వచ్చాడు. నిజామాబాదు మనిషి. "నర్సాయమ్మా, నీకు అరవై పడ్డయంట. మే నెలాఖరుకు డ్యూటీ ఖలాస్. ఇగ ఇంటికి పోయి ఆరాంగుండు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నలభై తొమ్మిదేళ్ళ దానికి అరవై! అప్పుడు ఏజెంటు ముప్పై అయిదు దాటిన ఆడవాళ్ళనే పంపుతానని పట్టుబడితే, బడి మొహం చూడని నేను నీ అయిదో తరగతి సర్టిఫికెట్టుతో నరసాయమ్మనై విమానం ఎక్కాను కదా. ఆ అబద్ధం ఇవాళ నాకు పదకొండేళ్ళ సెలవు తెచ్చిపెట్టింది.

అంతా ఆలోచించేశాను. కంపెనీ ఇచ్చే సర్వీసు డబ్బులో సగం పోస్టాఫీసులో వేద్దాం. నెలనెలా వడ్డీ వస్తుంది, మనిద్దరి తిండికి ఢోకా ఉండదు. మిగతా సగం ఆసుపత్రులకే, పండగొచ్చినా ముట్టుకోకూడదు. ముందు నీ కంటి శుక్లాల ఆపరేషన్. నా సంగతంటావా, ఇక్కడి వైద్యం కార్డు చెల్లుతుండగానే సల్మానియా ఆసుపత్రికి వెళ్ళి అన్ని పరీక్షలూ చేయించుకున్నాను. షుగరు లేదు! మోకాళ్ళు మాత్రం కొంచెం అరిగాయట.

ఒక్క దిగులు మిగిలింది. డబ్బు నీ పేరునే వస్తుంది. నిన్ను అనుమానించడం లేదక్కా. రేపు నీకేమైనా అయితే అది నా కష్టమని చెప్పే కాగితం ఎక్కడుంది? ఇరవై ఏళ్ళుగా ఇక్కడ నా పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. వీరలక్ష్మి అనే మనిషి అసలుందా అని నాకే భయమేస్తోంది.

ఇక్కడి లేబర్ క్యాంపులో నేర్చుకున్న రాత, తప్పులుంటే నవ్వకు.

నీ పేరు మోస్తున్న చెల్లెలు,
వీరలక్ష్మి

రాజోలు
2 ఏప్రిల్ 1999

మా పిచ్చి వీరలక్ష్మికి,

ఈ అక్షరాలు చూశావా? పక్కింటివాళ్ళవి కావు, నావే! ఫిబ్రవరిలో ఉచితంగా కళ్ళ ఆపరేషన్లు చేస్తుంటే నేనూ చేయించుకున్నాను. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. నీ ఉత్తరం నా కళ్ళతో నేనే చదువుకున్నాను. ఆ కాగితం మాట దగ్గర ఏడుపొచ్చింది.

మన రేషన్ కార్డు మరిచిపోయావా? పేర్లు సరిచూడటానికి వచ్చిన ప్రతిసారీ ఆఫీసువాళ్ళు "ఈ వీరలక్ష్మి ఎక్కడ? పేరు కొట్టేస్తాం" అనేవాళ్ళు. "మా చెల్లి పనికెళ్ళింది బాబూ, వచ్చేత్తాది. కొట్టేత్తే ఊరుకోను" అనేదాన్ని. ఇరవై ఏళ్ళు నీ పేరు మీద గీత పడనివ్వలేదు. నిన్న ఆ కార్డు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి అడిగాను. నువ్వొచ్చి సంతకం పెడితే ఇద్దరి పేర్లతో ఖాతా తెరుస్తారట. ఒకరు లేకపోయినా రెండోవాళ్ళకు ఇస్తారట. ముందు నీ పేరే రాయించాలి.

జూన్‌లో హైదరాబాదు విమానాశ్రయానికి నేనే వస్తాను. నువ్వు బయటికి రాగానే అక్కడున్న అందరికీ వినపడేలా నీ పేరు పెట్టి కేకేస్తాను. పలుకుతావుగా?

నీ అక్క,
అసలు నరసాయమ్మ