అప్పలనరసమ్మ మెస్

12 జూలై 1974

మళ్లీ గుఢియారీ పేట నుంచే జ్వరం కేసు. ఈసారి దానయ్య, రైసుమిల్లు పనివాడు. పెద్ద డాక్టరుగారు విడాల్ పరీక్ష చాలు, మందు రాసెయ్ అన్నారు. వినలేదు. ముందు బ్లడ్ కల్చర్‌కి రక్తం తీశాకే మందు మొదలుపెట్టాను.

16 జూలై

పాజిటివ్. టైఫాయిడే.

వార్డులో అందర్నీ అడిగాను. వీధి బావి నీళ్లు అందరూ తాగుతున్నారు, అందరికీ రాలేదు. వచ్చినవాళ్లంతా భోంచేసేది ఒక్కచోటే. అప్పలనరసమ్మ మెస్‌లో. నేనూ అక్కడే తింటున్నాను. రైల్వే గ్యాంగ్‌మన్ భర్త పోయాక ఆ మెస్సే ఆమె బతుకు. రాయపూర్ వచ్చిన కొత్తలో పెద్ద జ్వరమొచ్చి జుట్టంతా ఊడిపోయిందని ఒకసారి నవ్వుతూ చెప్పింది. అప్పుడు నాకు తట్టలేదు.

17 జూలై

జబ్బు తగ్గినా కొందరి పిత్తాశయంలో క్రిమి ఉండిపోతుందనీ, వాళ్లు బాగానే ఉంటారనీ, వాళ్ల చేతి వంటతో ఇతరులకు వస్తుందనీ అప్పలనరసమ్మకు చెప్పాను. మలపరీక్షకు శాంపిల్ కావాలన్నాను. గరిటె కింద పడేసింది.

"ఏటి బాబూ, నాకు జొరం నేదు, జబ్బు నేదు. నా సేతి కూడు తింటా నన్నే అనుమానిత్తావా?"

అన్నం పెట్టకుండా పంపేసింది.

19 జూలై

బతిమాలితే ఇచ్చింది. మొహం చూడకుండా డబ్బా చేతిలో పెట్టింది.

20 జూలై

రాత్రంతా కరెంటు లేదు. ఇంక్యుబేటర్ చల్లబడింది. పొద్దున కల్చర్ ప్లేట్లు చూస్తే ఎందుకూ పనికిరావు. జనరేటర్ అడిగితే పెద్ద డాక్టరుగారు ఫ్యాన్ వైపు చూసి, నాకే లేదయ్యా అన్నారు.

21 జూలై

ఇంకోసారి ఇవ్వమని అడిగాను. భోజనానికి కూర్చున్నవాళ్లందరి ముందూ అరిచింది. "ఓపాలి ఇచ్చింది పారబోసీసినావు. మల్లీ ఇయ్యాలా? బజార్లో నా పరువు తీత్తన్నావు, జా, నికల్!" అందరూ నవ్వారు. వాళ్ల కంచాల్లో పప్పు. ఆమె చేత్తో కలిపిన పచ్చడి. తినొద్దని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. అయినా చెప్పాను. ఒక్కడూ లేవలేదు.

24 జూలై

దానయ్యకు పేగు చిల్లుపడింది. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

26 జూలై

పొద్దున ల్యాబ్ మెట్ల మీద అప్పలనరసమ్మ. కొంగు చాటున డబ్బా. దానయ్య తనని అమ్మా అని పిలిచేవాడంది. ఈసారి కరెంటు పోతే ప్లేట్లు ఎక్కడికి పట్టుకెళ్లాలో ముందే చూసుకున్నాను.

29 జూలై

పాజిటివ్.

నా అనుమానమే నిజమైంది. సంతోషం లేదు. కోపం మాత్రం ఉంది, ఎవరి మీదో తెలియదు.

30 జూలై

చెప్పాను. వారాలపాటు యాంపిసిలిన్, లొంగకపోతే పిత్తాశయం తీసెయ్యాలి, పరీక్షలు వరసగా నెగటివ్ వచ్చేదాకా వంట చెయ్యకూడదు. అంతా విని, పొయ్యిలో నీళ్లు పోసింది.

11 ఆగస్టు

సాయంత్రం మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, వంటింటి గడప బయటే కూర్చుంది. నేను వండుతుంటే అక్కణ్నుంచే అరిచింది, పోపు మాడిపోతోందని.