స్టేషను బల్ల మీద

పాచిపెంట కొండలు,
చైత్రం, 1927.

రాయపూరు లైను పనికెళ్లిన మావకి రత్న దండాలు.

అందరం బాగున్నామని ముందు రాయాలని బడిలో పంతులమ్మ నేర్పింది. రాశాను. కాని నా ఒళ్లు మండిపోతోంది. చదివి వినిపించే మేస్త్రీగారూ, తిట్లు మింగెయ్యకుండా చదవండి.

మేక ఈనిందా అని అడిగావు. ఈనింది, రెండు పిల్లలు. మీ అమ్మకి ఎలా ఉందని అడిగావు. అది తర్వాత చెబుతాను.

మన స్టేషను ఎలా ఉందంటావా? మన చోడి చేను పోయినచోట రేకుల షెడ్డు లేచింది. నువ్వు కొండ మీంచి మోసుకొచ్చిన దుంగతో చేసిన బల్ల నున్నగా మెరుస్తోంది. నీళ్ల కుండ కూడా పెట్టారు. అన్నీ ఉన్నాయి, మనకి తప్ప! అడ్డాకులు, కట్టెలు అమ్ముకోడానికి రోజూ టిక్కెట్టు కొని ఆ బండే ఎక్కుతాం. అయినా ఎండలోనే నిలబడాలి. మేం కూర్చుంటే బల్ల మాసిపోతుందట. స్టేషను మాస్టరు మాట అది. వాడి నోట్లో మన్నుపడ!

ఇటుకల పండగకి మగాళ్లు వేటకెళ్లారు. ఏటా చేసినట్టే ఆడాళ్లం దారికి వెదురు అడ్డంపెట్టి, వచ్చేపోయేవాళ్లని పండగ మామూలు అడుగుతున్నాం. అంతలో బండి వచ్చి స్టేషన్లో ఆగింది.

"అదీ మన దారమ్మటే పోతంది కదేటి, దాన్నొగ్గేత్తామా?" అంది అత్త.

ఆగిన బండి ముందు వెదురు పెట్టాం. డ్రైవరు పగలబడి నవ్వి కొబ్బరికాయ ఇచ్చాడు. వెదురు తీసేస్తుంటే మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. దాన్ని లాక్కుని అత్త వీపు మీద బాదాడు. పండగపూట, ముసలిదాన్ని! ఇప్పటికీ బోర్లానే పడుకుంటోంది. పసరు రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. నేనూరుకోలేదు మావా. ఆ వెదురు వాడి చేతిలోంచి లాక్కుని, దాంతోనే వాడికి రెండు తగిలించాను.

"ఎవడి పెళ్లానివే? కాళ్లు పట్టుకో, లేకపోతే వాడి పని పీకించేస్తాను!" అని అరిచాడు.

ఆ పని ఖాయమవుతుందని ఎంత ఆశపడుతున్నావో నాకు తెలుసు. అయినా కాళ్లు పట్టుకోలేకపోయాను. వెళ్లి బల్ల మీద కూర్చుని, "ఈ బల్లకి దుంగ మోసిన భీముడి పెళ్లాన్ని. రాసుకో" అన్నాను.

వాడు పోలీసుల దగ్గరికి పోలేదు. ఆడదాని చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకోవాలి కదా! మీ దొరకి మాత్రం, పట్టాలకి అడ్డం పెట్టానని రాశాడట.

పని పోతే నన్ను తిట్టు, పడతాను. కాళ్లెందుకు పట్టుకోలేదని మాత్రం అడగకు. బేగి వచ్చెయ్యి. రోజూ ఆడాళ్లమంతా ఆ బల్ల మీదే కూర్చుంటున్నాం. నీకూ చోటుంచుతాను.

ఇట్లు,
నీ పెళ్లాం
రత్న