ఎర్రబొట్టు దగ్గర గేరు

గిరిధర్‌కు, వదిన ఆశీస్సులు.

మీ అన్నయ్య ఇంపాలా కారును కొనేవాళ్ళు, దానికి మొదట ఉన్న రెండు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తిరిగి బిగిస్తేనే తీసుకుంటామన్నారని చెప్పావు. అలాగే కానీ. పాత గేర్‌బాక్స్‌ను గరాజ్‌లో దుప్పటి చుట్టి ఉంచాను. దాని బోల్టులు ఆవకాయ సీసాలో ఉన్నాయి, చీటీ అంటించాను.

హైవే మీద ఇంజన్ హోరుకు నేను భయపడతానని, ఆ హోరు తగ్గేలా ఆయన నాలుగు గేర్లది వేశారు. ఏ గేరులో ఉందో చూపే పాత డాష్‌బోర్డు అక్షరాలు దానికి సరిపోలేదు. కారు ముందుకు నడిచే గేరులో ముల్లు ఆగేచోట నా ఎర్ర స్టిక్కర్ బొట్టొకటి అంటించి, "ముల్లు ఇక్కడికొస్తే చాలు. ఇంక నడుపు మహాతల్లీ" అన్నారు.

"పడవంత ఉన్న ఈ కారునా? పెట్రోలు దండగ" అన్నాను. ఆయన పోయేదాకా స్టీరింగ్ పట్టుకోనేలేదు.

పాతది బిగిస్తే ఆ బొట్టుతో పనుండదు. విప్పే ముందు ఒక్క ఆదివారం నా పక్కన కూర్చో. బాన్ఫ్ కొండల దాకా నేనే నడుపుతాను.

మీ వదిన