మొదటి దోసిలి

బ్లాకు ఆఫీసరు అయ్యగారికి, ఊరి బయటి క్రైస్తవ పేటలో ఉండే జకరయ్య భార్య వందనాలతో రాసుకుంటున్నది.

శ్రమదానంలో తవ్విన బావిలో మీరు మా ఇంటాయనకు ఫోటో తీయించారు. మట్టి తవ్వినంతసేపూ మేము దిగినా ఊరివాళ్లు అంటు అనరు. నీళ్లు పడగానే మాత్రం మేము పైకి వచ్చేయాలి. అది మీకు తెలియదు. మొదటి దోసిలి నువ్వే తాగమని మీరు గట్టు మీద నుంచి అన్నారు. కాదనడానికి భయపడి ఆయన తాగాడు; ఫోటో అప్పటిదే.

మీరు వెళ్లాక ఊరిపెద్ద రెడ్డిగారు మా ఇంటాయనను, "జీపు పోయింది గదప్పా, ఇంగ నీకు ఎవురుండారు?" అని నెమ్మదిగా అడిగారు. రెడ్డిగారు అరిచి ఉంటే నాకింత వణుకు పుట్టేది కాదు. ఆ సాయంత్రమే మా ఇంటాయన బనగానపల్లె మామిడితోటల వైపు వెళ్లి దాక్కున్నాడు.

ఆ ఫోటో సర్కారు పత్రికలో వేస్తామన్నారు. మీ కాళ్లు పట్టుకుంటాను, వేయకండి. మమ్మల్ని మెచ్చుకోవడానికి మళ్లీ రాకండి.

ఆయన మాత్రం నాకు కబురు పంపాడు: "ఆ ఫోటో మనకొకటి ఇమ్మని అడుగు. నీళ్లు శానా తియ్యగుండాయి."

ఇస్తే, కవరు గట్టిగా అంటించి పాదిరిగారి పేరున పంపండి. పైన మా పేరు రాయకండి.